లెక్క వేస్తే 48, టేబుల్‌లో 40: ఎవర్టన్ 2023–24 సీజన్‌లో ఏం జరిగింది?

బూటిల్ నాన్న:

నమస్కారం అండి. మేము లివర్‌పూల్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఉండేది బూటిల్‌లో. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. క్లాసులో పక్కన కూర్చునే పిల్ల ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ అభిమాని, అందుకని మా అమ్మాయి కూడా ఎవర్టన్ అయిపోయింది. నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఈ మధ్యే తనే నేర్పింది.

స్కూల్లో ఏదైనా ఒక పట్టిక తీసుకుని అందులో అంకెలు సరిపోతున్నాయో లేదో చూసుకు రమ్మన్నారు. తను ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ 2023–24 టేబుల్ తీసుకుంది. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ఇరవై జట్లకూ కూర్చుని గుణించింది. పద్దెనిమిది జట్లకు సరిపోయింది, రెండింటికి కుదరలేదు. ఎవర్టన్ 13 గెలిచింది, 9 డ్రా, 16 ఓటమి. 39కి 9 కలిపితే 48 రావాలి. టేబుల్‌లో 40 ఉంది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 36 రావాలి, 32 ఉంది.

మొదట తనే తప్పు చేశాననుకుని మూడుసార్లు వేసింది. నేనూ వేశాను. లెక్క తప్పు కాదు. "నాన్నా, మన ఎనిమిది పాయింట్లు ఎవరు తీసుకున్నారు?" అని అడుగుతోంది.

వెతికితే డబ్బు నియమాలు అని ఏదో కనిపించింది. 10 తీశారని ఒకచోట, 6 అని ఒకచోట, 2 అని ఇంకోచోట ఉంది. నాకు సరిగా అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ ఏడాది ఇక్కడే ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే అది ఎలా గడిచిందో కూడా రాయండి. పిల్లకి నా నోటితో చెప్పాలి.

పద్దుల మనిషి:

నేను ఖాతాల పనిలో ఉన్నాను, ఆ ముక్క వరకు చెప్తాను.

ఆ రోజుల్లో ఉన్న నియమం ప్రకారం మూడేళ్ళు కలిపి చూస్తే క్లబ్ నష్టం 105 మిలియన్ పౌండ్లు దాటకూడదు. అన్ని ఖర్చులూ ఇందులోకి రావు. స్టేడియం కట్టడం, పిల్లల అకాడమీ, మహిళల జట్టు లాంటి వాటిమీద పెట్టింది తీసేసి చూస్తారు. 2021–22తో ముగిసిన లెక్కలో ఎవర్టన్ నష్టం 124.5 మిలియన్లు అని తేలింది. అంటే 19.5 మిలియన్లు ఎక్కువ. దానికి స్వతంత్ర కమిషన్ 17 నవంబర్ 2023న 10 పాయింట్లు కోసింది. ప్రీమియర్ లీగ్ చరిత్రలో అంతకు ముందు ఎవరికీ అంత కోత పడలేదు.

క్లబ్ అప్పీల్ చేసింది. 26 ఫిబ్రవరి 2024న ఆ 10 కాస్తా 6 అయింది. వివరాలు చెప్పడంలో ఎవర్టన్ నిజాయితీగా లేదని మొదటి కమిషన్ అనడం సరికాదని అప్పీల్ బోర్డు తేల్చింది. ఇలాంటి తప్పులకు వేరేచోట్ల ఎంత శిక్ష వేస్తున్నారో చూడకపోవడం కూడా పొరపాటే అంది.

8 ఏప్రిల్‌న పడిన 2 పాయింట్లు వేరే కేసు. 2022–23తో ముగిసిన మూడేళ్ళ లెక్కలో 16.6 మిలియన్లు ఎక్కువైంది. ఈ మూడేళ్ళలో రెండేళ్ళు మొదటి కేసులోనూ ఉన్నవే. వాటికి ఒకసారి శిక్ష పడింది కాబట్టి, క్లబ్ తప్పు త్వరగా ఒప్పుకుంది కాబట్టి రెండుతో సరిపెట్టారు. 6, 2 కలిపితే మీ అమ్మాయి అడిగిన 8 వచ్చేస్తుంది.

ఫారెస్ట్ అప్పటికి పై డివిజన్‌కి వచ్చి ఎంతోకాలం కాలేదు, అందుకని వాళ్ళ హద్దు 61 మిలియన్లే. దాన్ని 34.5 మిలియన్లు దాటారు. నాలుగు పోయాయి.

ఇంకొక్క మాట. ఎవర్టన్ అప్పుడు నది ఒడ్డున బ్రామ్లీ మూర్ డాక్‌లో కొత్త స్టేడియం కడుతోంది. అప్పుల మీద కట్టిన వడ్డీని స్టేడియం ఖర్చుగా చూడాలని క్లబ్, కుదరదని కమిషన్. గొడవలో పెద్ద భాగం అక్కడే ఉంది.

నీలం నోట్‌బుక్:

బూటిల్ నాన్న గారూ, మీ అమ్మాయి వేసిన లెక్క నా దగ్గర ఒక నోట్‌బుక్‌లో ఉంది. అచ్చం అలాగే, 48 ఒక వరసలో, 40 ఒక వరసలో. రాసింది నేను, రాయించింది ఒక పెద్దాయన. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను 2022 చివర్లో కేర్ పనికి ఇక్కడికి వచ్చాను. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం, మందులు, తిండి చూసే పని. వాల్టన్‌లో, ఎవర్టన్ అప్పటి స్టేడియం గుడిసన్ పార్క్ దగ్గర, ఒక ఇల్లు నాకు పడింది. పేరు చెప్పను, ఆయనకు ఎనభై దాటాయి. చూపు మధ్యలో మసకైపోయింది, పక్కల మాత్రమే కనిపించేది. గుడిసన్ పార్క్‌లో గ్లాడిస్ స్ట్రీట్ వైపు నలభై ఏళ్ళకు పైగా నిలబడీ, తర్వాత కూర్చునీ ఆట చూసిన మనిషి. మెట్లు ఎక్కలేక మానేశారు. ఇక్కడి అలవాటు ప్రకారం నన్ను 'లవ్' అని పిలిచేవారు. నేను మనసులో తాత అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు, ఇక్కడ మాత్రం అలాగే రాస్తాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట ఉంటే కిటికీ కొంచెం తెరవమనేవారు, ఎంత చలిగా ఉన్నా సరే. ఈ దేశంలో శనివారం మూడింటి ఆటలు టీవీలో చూపించరు. అందుకని రేడియో మెర్సీసైడ్ పెట్టుకునేవారు. కానీ రేడియోలో మనిషి అరిచేలోపే కిటికీలోంచి హోరు వచ్చేసేది. ఆ హోరు విని గోల్ పడిందా, పోస్టుకు తగిలిందా, రిఫరీ మీద కోపమా అని చెప్పేసేవారు తాత. నాకు మొదట్లో అన్నీ ఒకేలా వినిపించేవి. ఆ చలికాలం అయ్యేసరికి నాకూ తేడా తెలిసింది.

2023 ఆగస్టులో నోట్‌బుక్ మొదలుపెట్టాం. పెద్ద అక్షరాలతో నల్ల మార్కర్‌తో రాస్తే భూతద్దం పెట్టి చూసుకుంటానన్నారు. నీలం అట్ట ఉన్నదే కొన్నాను. ఒక్కో ఆటకు ఒక్కో గీత: ఎవరితో, ఎన్ని గోల్స్, ఎన్ని పాయింట్లు. మొదటి మూడు గీతలూ ఇవి. ఫుల్హామ్ 0–1. ఆస్టన్ విల్లా 0–4. వుల్వ్స్ 0–1. ఒక్క గోల్ లేదు, ఒక్క పాయింట్ లేదు. మూడోది రాయడానికి నా చెయ్యి ఆడలేదు. "రాయి లవ్, రాయకపోతే మారిపోతుందా" అన్నారు.

సెప్టెంబర్‌లో బ్రెంట్‌ఫర్డ్ మీద లీగ్‌లో మొదటి గెలుపు. అక్టోబర్‌లో ఛైర్మన్ బిల్ కెన్‌రైట్ పోయారు. అంతకు ముందు ఏడాది బోర్డు దిగిపోవాలని అభిమానులు గట్టిగా గొడవ చేశారు, తాత కూడా ఆయన్ని బాగా తిట్టేవారు. ఆ రోజు మాత్రం ఏమీ మాట్లాడలేదు. నేను ఇచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. ఆ ఆదివారం వెస్ట్ హామ్ మీద వాళ్ళ ఊళ్ళోనే గెలిచారు. గీత రాసేటప్పుడు పేరు పక్కన చిన్న సిలువ గుర్తు వేయమన్నారు, వేశాను.

నవంబర్ 11న క్రిస్టల్ ప్యాలెస్ మీద 3–2. మన ఇద్రిస్సా గే చివర్లో గోల్ కొట్టాడు. పన్నెండు ఆటలు, 14 పాయింట్లు, పద్నాలుగో స్థానం. తాత ముఖం వెలిగిపోయింది.

తర్వాతి శుక్రవారం, 17వ తేదీ. మధ్యాహ్నం భోజనం పెట్టడానికి వెళ్ళాను. ఫోన్‌లో వార్త వచ్చింది, చదివి వినిపించాను. ఎంత అని రెండుసార్లు అడిగారు. పది అన్నాను. 14 లోంచి 10 పోతే 4. పద్నాలుగో స్థానం నుంచి పంతొమ్మిదికి పడిపోయాం. ఇరవై జట్లలో చివరి మూడూ కింది డివిజన్‌కి దిగిపోతాయి. కాసేపు ఊరుకుని, "ఈ వారం మనం ఎవరితో ఆడాం?" అని అడిగారు. దేశాల ఆటలు జరుగుతున్నాయి, లీగ్‌కి సెలవు. "ఎవరితోనూ ఆడలేదు" అన్నాను. ఆయన చెప్పాలనుకున్నది కూడా అదే.

నేను నోట్‌బుక్ తీసి 14 కొట్టేసి 4 రాయబోయాను. తాత నా మణికట్టు పట్టుకున్నారు. చూపు లేకపోయినా చెయ్యి ఎక్కడుందో ఎలా తెలిసిందో మరి. "గెలిచినవి కొట్టేయకు. అవి పిల్లలు పరిగెత్తి తెచ్చినవి. తీసేసినవి పక్కన ఇంకో గీత గీసి రాయి" అన్నారు. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో రెండు వరసలు. మీ అమ్మాయికి దొరికిన రెండు అంకెలూ అవే.

26వ తేదీ ఆదివారం మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది. స్టేడియం నిండా జనం గులాబీ రంగు అట్టలు పైకెత్తారు, వాటి మీద ప్రీమియర్ లీగ్ గుర్తు, 'అవినీతి' అని అర్థం వచ్చే మాట. ఆట మొదలవక ముందే కిటికీలోంచి వచ్చిన ఆ హోరు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన జీవితంలో ఆట మొదట్లో అలాంటి హోరు వినలేదన్నారు తాత. మూడో నిమిషంలో యునైటెడ్ ఆటగాడు గార్నాచో వెనక్కి పడుతూ గాల్లో తన్నిన బంతి గోల్‌లోకి వెళ్ళింది. కత్తితో కోసినట్టు హోరు ఆగిపోయింది. 0–3.

ఇక పోయిందనుకున్నాను. అప్పుడు డిసెంబర్ 2 నుంచి 16 వరకు చూడండి. ఫారెస్ట్ 1–0, న్యూకాసిల్ 3–0, చెల్సీ 2–0, బర్న్లీ 2–0. నాలుగు ఆటలు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. తీసుకున్నది పది, పక్షం రోజుల్లో పన్నెండు తెచ్చారు. మేనేజర్ షాన్ డైచ్ ఆడించే తీరు తాతకి నచ్చేది కాదు, బంతి నేల మీద కంటే గాల్లోనే ఎక్కువ ఉంటుందనేవారు. ఆ పక్షం రోజులు మాత్రం ఆయన్ని ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత పదమూడు లీగ్ ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా. ఆ పేజీలు ఇప్పుడు తిప్పినా నాకు చలేస్తుంది. అన్నీ చెప్పను. టోటెన్‌హామ్ మీద బ్రాంత్‌వెయిట్ ఆఖరి నిమిషాల్లో కొట్టి 2–2 చేశాడు, అది ఆనందం. బ్రైటన్ దగ్గర గెలిచే ఆట 95వ నిమిషంలో 1–1 అయింది, అది ఏడుపు. బోర్న్‌మత్ దగ్గర ఇంకా ఘోరం. ఆట ముగిసే ముందు కెప్టెన్ షేమస్ కోల్‌మన్‌కి తగిలి బంతి మన గోల్‌లోకే పోయింది. 2009 నుంచి ఒకే క్లబ్‌లో ఉన్న మనిషి. 60 వేల పౌండ్లకే వచ్చాడు, క్లబ్ కొన్నవాళ్ళలో ఇంత చవకగా ఇంత విలువైనవాడు లేడని తాత ఎప్పుడూ అనేవారు. ఆ సాయంత్రం "పాపం వాడు" అని నాలుగైదుసార్లు అన్నారు, ఓటమి గురించి ఒక్కసారీ అనలేదు.

మధ్యలో ఫిబ్రవరి 26న అప్పీల్‌లో నాలుగు పాయింట్లు తిరిగొచ్చాయి. నేను సంతోషంగా పరిగెత్తుకుంటూ చెప్పాను. తాత తల ఊపి, "రెండో వరసలో రాయి" అన్నారు. అంతే. ఆడకుండా పోయినవి ఆడకుండా వస్తే ఆయనకి పట్టలేదు.

ఏప్రిల్ 6న బర్న్లీ మీద 1–0. వాళ్ళ గోల్‌కీపర్ బంతి కొట్టబోతే కాల్వర్ట్ లూయిన్ కాలు అడ్డం పెట్టాడు, అది తగిలి లోపలికి వెళ్ళింది. ఎలా పడితేనేం, పడింది. రెండు రోజులకే ఇంకో రెండు పాయింట్లు పోయాయి. ఇంకో వారానికి చెల్సీ దగ్గర 0–6. కోల్ పామర్ ఒక్కడే నాలుగు కొట్టాడు. ఆ ఆరు అంకెని నేను కొంచెం చిన్నగా రాశాను. భూతద్దంలో చూసి, పెద్దగా రాయమన్నారు.

అప్పుడు వచ్చింది ఆ వారం. ఆదివారం ఏప్రిల్ 21, ఫారెస్ట్ మీద 2–0. బుధవారం 24, లివర్‌పూల్. మీ అమ్మాయి క్లాసులో రెండు జట్ల పిల్లలూ ఉంటారు కాబట్టి ఆ ఆట ఏంటో ఆమెకి చెప్పక్కర్లేదు. సొంత మైదానంలో లివర్‌పూల్ మీద గెలిచి అప్పటికి పదమూడేళ్ళు దాటింది, 2010 అక్టోబర్ తర్వాత లేదు. రాత్రి ఎనిమిదింటి ఆట. నేను వెళ్ళింది ఆయన్ని పడుకోబెట్టడానికి. పడుకోనన్నారు. నాకు ఆ రోజు అదే చివరి ఇల్లు, కోటు విప్పి కూర్చున్నాను.

27వ నిమిషంలో బ్రాంత్‌వెయిట్ మొదటిది. రెండోది చెప్తాను. 58వ నిమిషం. టీవీలో మెక్‌నీల్ కార్నర్ దగ్గర బంతి ఇంకా నేల మీద పెడుతున్నాడు. టీవీ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది కదా. కిటికీ అద్దం అదిరింది. తాత రెండు చేతులూ పైకెత్తి కళ్ళు మూసుకున్నారు. ఆయనకి తెలిసిపోయింది, నాకు తెలిసిపోయింది, టీవీలో మెక్‌నీల్ మాత్రం ఇంకా బంతి వైపు నడుస్తున్నాడు. తర్వాత కాల్వర్ట్ లూయిన్ తల పెట్టి కొట్టడం మేం తాపీగా చూశాం. లివర్‌పూల్ అప్పుడు టైటిల్ కోసం పోటీలో ఉంది. గుడిసన్‌లో మీ లీగ్ పోయిందని జనం పాడుతుంటే ఆ పాట వీధి చివరి దాకా వచ్చింది.

శనివారం బ్రెంట్‌ఫర్డ్ మీద గే ఒక్క గోల్. ఏడు రోజుల్లో మూడు ఆటలు, తొమ్మిది పాయింట్లు, ఇచ్చిన గోల్స్ సున్నా. టేబుల్‌లో 36 అయింది, ఇక దిగే ప్రమాదం లేదు. ఇంకా మూడు ఆటలు మిగిలి ఉన్నాయి.

మీ అమ్మాయి అడిగినదానికి నా జవాబు ఇది. డబ్బు లెక్క తప్పిన పెద్దవాళ్ళ వల్ల ఎనిమిది పోయాయి. ఆడినవాళ్ళు తెచ్చింది మాత్రం 48. ఆమె రెండూ రాసుకోవాలి, ఏదీ కొట్టేయకూడదు.

లెస్టర్ వాసి:

అక్కా, చదువుతూ ఉంటే గొంతు పట్టేసింది. కానీ మా వైపు మాట కూడా ఆ పాప వినాలి.

28 మే 2023, సీజన్ ఆఖరి రోజు. మేము వెస్ట్ హామ్ మీద 2–1 గెలిచాం. బార్న్స్ ఒకటి, ఫాస్ ఒకటి. గెలిచినా చాలదు, ఎవర్టన్ గెలవకూడదు. అక్కడ బోర్న్‌మత్ మీద 57వ నిమిషంలో డుకూరే కొట్టాడు. వాళ్ళకి 36, మాకు 34. మేము దిగిపోయాం. ఏడేళ్ళ కిందట ఛాంపియన్లం. స్టేడియంలో నా పక్కన ఒక పెద్దావిడ స్కార్ఫ్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఎంతసేపటికీ లేవలేదు. ఆరు నెలలకి తెలిసింది, ఎవర్టన్ హద్దు దాటి ఖర్చు పెట్టిందని.

బర్న్లీ వాళ్ళని అడిగితే ఇంకా చెప్తారు. 2022లో వాళ్ళకి 35, ఎవర్టన్‌కి 39. ఆ ఖర్చు లెక్క ముగిసింది సరిగ్గా ఆ సీజన్‌తోనే. కోత అప్పుడే పడి ఉంటే దిగేది బర్న్లీ కాదు.

2023–24లో చివరి మూడు జట్ల పాయింట్లు చూడండి. ల్యూటన్ 26, బర్న్లీ 24, షెఫీల్డ్ యునైటెడ్ 16. అంత తక్కువ వచ్చిన ఏడాది కాబట్టి ఎనిమిది పోయినా ఎవర్టన్ పదిహేనో స్థానంలో నిలబడింది. తాత గారి మీద నాకు కోపం లేదు. కానీ ఆ 48 తెచ్చిన ఆటగాళ్ళని కొన్న డబ్బు కూడా ఆ లెక్కలోదే కదా.

పద్దుల మనిషి:

మీరన్నది న్యాయమైన ప్రశ్న. సీజన్ మేలో ముగుస్తుంది, ఖాతాలు ఆ తర్వాత మూస్తారు. కేసు నడిచి శిక్ష పడేసరికి వేరే ఏడాది వచ్చేస్తుంది. అందుకే తర్వాత పద్ధతి మార్చి ఖాతాలు డిసెంబర్ ఆఖరుకే ఇమ్మన్నారు. ఎవర్టన్ రెండో కేసు, ఫారెస్ట్ కేసు అదే సీజన్‌లో తేలిపోవడానికి కారణం అది.

లెస్టర్ మీద కూడా 2022–23తో ముగిసిన లెక్కకి మార్చి 2024లో ప్రీమియర్ లీగ్ కేసు పెట్టింది. అప్పటికి లెస్టర్ కింది డివిజన్‌లో ఉంది. ప్రీమియర్ లీగ్‌కి ఆ అధికారం లేదని సెప్టెంబర్‌లో అప్పీల్ బోర్డు తేల్చింది. అదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

నీలం నోట్‌బుక్:

తమ్ముడూ, నీ మాట కాదనను. ఆ మే రోజు నేను తాత ఇంట్లోనే ఉన్నాను. డుకూరే కొట్టినప్పుడు ఆయన సోఫా చెయ్యిని గుద్దిన గుద్దుకి నేను భయపడ్డాను. ఆట అయిపోయాక మొదట అడిగిన మాట, "ఎవరు దిగారు?" లెస్టర్, లీడ్స్ అన్నాను. సౌతాంప్టన్ ముందే దిగింది. కాసేపటికి "వాళ్ళ ఇళ్ళలో ఈ సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నారు. ఎవర్టన్ 1951లో దిగి, 1954లో తిరిగొచ్చింది. దిగిన ఏడాది ఆయన చిన్న పిల్లాడు, వాళ్ళ నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

తప్పు జరగలేదని ఆయన ఒక్కసారీ అనలేదు. కోమన్ నుంచి డైచ్ దాకా ఏడేళ్ళలో ఏడుగురు మేనేజర్లు. ఒకాయన కొన్నవాళ్ళు ఇంకొకాయనకి పనికిరారు, మళ్ళీ కొనడం. వాళ్ళ పేర్లు, ధరలు తాతకి నోటికి వచ్చు, ఒక్కొక్కటీ చెప్పి తల కొట్టుకునేవారు. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక రష్యా స్పాన్సర్ డబ్బు కూడా ఆగిపోయింది. ఆ సీజనంతా క్లబ్‌ని 777 పార్ట్‌నర్స్ అనే అమెరికా సంస్థ కొంటుందా లేదా అనే టెన్షన్ ఒకటి. సెప్టెంబర్‌లో ఒప్పందం అన్నారు, జూన్ 1న అది వీగిపోయింది. ఇవన్నీ పైవాళ్ళ పనులు.

ఆయన బాధల్లా ఒకటే. శిక్ష తప్పు చేసిన ఏడాదే వేసి ఉంటే తను నోరు మూసుకుని ఒప్పుకునేవాడినని. నువ్వు అంటున్నదీ అదే. మీ ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే గొడవ పడేవాళ్ళు కాదనిపిస్తోంది నాకు.

బూటిల్ నాన్న:

అందరికీ చాలా థాంక్స్ అండి. రాత్రి కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. కిటికీ అదిరిన చోట మళ్ళీ చదవమంది. లెస్టర్ గారి మాట విన్నాక కాసేపు ఆలోచించి, "అయితే బర్న్లీ పిల్లలకి సారీ చెప్పాలా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక తల నిమిరాను.

తన పట్టికలో ఇప్పుడు రెండు వరసలు గీసింది. ఎవర్టన్ 48, 40. ఫారెస్ట్ 36, 32. ఇంకో పని కూడా చేసింది. 48 ఉంచితే ఎక్కడ ఉండేవాళ్ళమో లెక్క కట్టింది. బ్రైటన్‌కీ, బోర్న్‌మత్‌కీ కూడా 48. గోల్స్ తేడాలో బ్రైటన్ మైనస్ 7, ఎవర్టన్ మైనస్ 11, బోర్న్‌మత్ మైనస్ 13. కాబట్టి పన్నెండో స్థానం అని తేల్చింది. నేను సరిచూశాను, కరెక్టే.

అక్కా, తాత గారు ఎలా ఉన్నారు? అడగొచ్చో లేదో తెలియలేదు, తను అడగమంది. గుడిసన్ ఒకసారి చూడాలని కూడా అంటోంది. అది మూసేశారు కదా?

నీలం నోట్‌బుక్:

మూసేయలేదు. మగవాళ్ళ జట్టు ఆఖరి ఆట 18 మే 2025న అయింది, సౌతాంప్టన్ మీద 2–0. వాళ్ళు కొత్త స్టేడియానికి వెళ్ళిపోయారు. గుడిసన్‌ని మహిళల జట్టుకి ఇచ్చారు. మీ అమ్మాయిని వాళ్ళ ఆటకి తీసుకెళ్ళండి. బూటిల్ నుంచి ఎండగా ఉన్న రోజు నడిచినా వెళ్ళిపోవచ్చు. మైదానం మూలని ఆనుకుని సెయింట్ ల్యూక్స్ చర్చి ఉంటుంది, స్టాండ్‌కీ చర్చికీ మధ్య ఎంత ఇరుకో తనకి చూపించండి. కుదిరితే గ్లాడిస్ స్ట్రీట్ వైపు కూర్చోండి.

తాత బాగున్నారు. 2024 చివర్లో నదికి అవతల వాళ్ళ అమ్మాయి ఇంటికి మారారు. నన్ను పంపే ఇళ్ళ జాబితాలో ఇప్పుడు ఆయన లేరు, ఆదివారాలు ఫోన్ చేస్తాను. అక్కడ కిటికీ తెరిస్తే ఏమీ వినిపించదని విసుక్కుంటారు. వెళ్ళేటప్పుడు నోట్‌బుక్ నాకే ఇచ్చారు.

పాపకి ఒక సంగతి చెప్పండి. ఆఖరి ఆట ఆర్సెనల్ దగ్గర, 1–2 ఓటమి. ఆ ఆదివారం నాకు సెలవు. సోమవారం వెళ్ళి గీత రాద్దామని నోట్‌బుక్ తీస్తే, ఆయనే రాసేసి ఉన్నారు. ఎవరితో ఆట, ఎన్ని గోల్స్, ఏమీ లేదు. మార్కర్‌తో వంకరగా, ఒక అంకె మీద ఇంకో అంకె పడేలా, పేజీ నిండా 48. రెండో వరసలో 40 రాయడానికి నాకు చోటు మిగల్లేదు.

ఫోటో ఇక్కడ పెట్టాలంటే ఆయన్ని అడగాలి. ఈ ఆదివారం అడుగుతాను.